చక్రం లేని వరస

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే నా జవాబు చిన్నదే. నాకు అక్షరాలు వచ్చేవి కావు. సిగ్గూ కాదు, తీరిక లేకా కాదు. రాయడం రానివాళ్ళు రాయరు, అంతే. అరవై దాటాక, మా భిలాయ్‌లోనే రిసాలి అనే పేటలో ఒక పెద్దావిడ ఆదివారాలు పిల్లలకి తెలుగు చెబుతోందని విని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ పిల్లలంతా ఇక్కడ పుట్టినవాళ్ళు, ఇంట్లో కూడా హిందీయే. నాకు మాటలన్నీ వచ్చు, అక్షరం రాదు. వాళ్ళకి అక్షరం ఇట్టే పట్టుబడేది, మాట తెలీదు. పలక మీద 'చింతపండు' అని రాస్తే నాకంటే ముందు చదివేసి, అంటే ఏమిటని నన్నే అడిగేవారు. అలా ఒకరికొకరం రెండేళ్ళు పనికొచ్చాం.

ఇప్పుడు రాయగలను కనక, నా ఉద్యోగంలో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. కొత్తగా పనుల్లో చేరే పిల్లలు చదివితే మంచిది. మీరు చదువుకున్నవాళ్ళు, మీ తప్పులు నా తప్పు కంటే పెద్దవిగానే ఉంటాయి. అయినా ఒకరిది ముందుగా విని ఉంటే నష్టం లేదు.

భిలాయ్ చివర ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నేను ఎలకల మనిషిని. కాగితాల మీద ఆ ఉద్యోగానికి పెద్ద పేరే ఉండేది. చేసే పని మాత్రం తెల్ల ఎలకల బోనులు కడగడం, కింద పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు నింపడం. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే మా ఆయన ఆయాసం పట్టుకుని ఇంట్లో కూర్చున్నాక నేను పనికి బయటికి వచ్చాను. కాలేజీకి పనివాళ్ళని పెట్టే కాంట్రాక్టరు అడిగింది ఒకటే ప్రశ్న: ఎలకలంటే భయమా? కాంట్రాక్టర్లంటే తప్ప ఇంక దేనికీ భయం లేదన్నాను. నవ్వి పెట్టుకున్నాడు. పదకొండేళ్ళు చేశాను.

ఎలకల గది రెండో అంతస్తులో ఉండేది. పెద్దసారు గది కింద. లిఫ్టు పాడయ్యి అప్పటికి ఏడాది. అంచేత సారు ఎలకల్ని చూసి కూడా ఏడాదే. అలాగని ఆయనకి ఎలకల మీద ప్రేమ లేదనుకోకండి. ఆయన పరిశోధన అంతా వాటి మీదే. వ్యాయామం చేస్తే మెదడుకి ఏం లాభం, ఎలా లాభం, మెదడు కణం లోపల ఏ పదార్థం పెరుగుతుంది, ఇదీ ఆయన విషయం. దాని మీద ఎక్కడెక్కడికో వెళ్ళి ఉపన్యాసాలు ఇచ్చేవారు. చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం ఉండేది. సాయంత్రానికి దానికి చాలినన్ని అడుగులు చూపించాలట. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, గడియారం ఉన్న చెయ్యి ఊపుతూ ఉండేవారు. ఆ గడియారం పాపం అమాయకురాలు. సారు నడుస్తున్నారనుకునేది.

ఒకసారి కాలేజీలో పెద్ద సభ జరిగింది. కదలకుండా కూర్చోవడం వల్ల వచ్చే అనర్థాల గురించి నూట యాభై మంది మూడు గంటల సేపు కదలకుండా కూర్చుని విన్నారు. ఆ హాల్లో కదిలింది నేనూ నా టీ కెటిలూ. సభ అయ్యాక నేను నీళ్ళ డబ్బా ఎత్తుకుని మెట్లెక్కుతుంటే సారు ఎదురుపడి దయగా అన్నారు: "మాతాజీ, ఆప్ భీ థోడా ఎక్సర్‌సైజ్ కియా కరో. దిమాగ్ తేజ్ రహేగా." మీరూ కాస్త వ్యాయామం చేస్తూండండి, బుర్ర చురుగ్గా ఉంటుందని.

డబ్బా భుజం మీంచి దించకుండానే "జీ సర్" అన్నాను.

ఆ పరిశోధన చేతులతో చేసేది మాత్రం ఒక అమ్మాయి. సారు దగ్గర పీహెచ్‌డీకి చేరింది. తాతగారు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. తెలుగు పిల్లే, కానీ హిందీలో ఆలోచించి తెలుగులో దొరికిన మాట వాడేది. నన్ను పిన్నీ అనేది. మొదటి రోజు నన్ను రెండు వరసల బోనుల ముందు నిలబెట్టింది. ఒక వరసలో ప్రతి బోనులోనూ పరిగెత్తడానికి ఒక చిన్న చక్రం. రెండో వరసలో ఏమీ లేదు.

"పిన్నీ, దేఖో. ఈ లైన్‌కి చక్రం ఉంది, ఈ లైన్‌కి లేదు. ఈ లైన్‌లో చక్రం ఎప్పుడూ పెట్టొద్దు. హాఁ?"

"పెట్టనమ్మా."

"గలతీ సే కూడా."

"నీ తోడు, పొరపాటున కూడా పెట్టను."

పెట్టలేదు. ఇది గుర్తుంచుకోండి. ఆ వరసలో నేను ఒక్క రోజు కూడా చక్రం పెట్టలేదు.

ఎలక పరిగెత్తితే మెదడుకి ఏమవుతుందని ఒకరోజు అడిగాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. అన్నేళ్ళలో ఆమెని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషిని నేనేనట. పొట్టు బస్తా మీద కూర్చుని చెప్పింది. నాకు అర్థమైనంత ఇది. కండ పనిచేస్తే కండలోంచి కొన్ని పదార్థాలు నెత్తుట్లోకి దిగుతాయి. ఒళ్ళు నొప్పుల పాపమంతా మనం ఎవరి మీద వేస్తామో ఆ లాక్టేటు కూడా అందులో ఉంటుంది. నెత్తురు వాటిని మెదడుకి మోసుకెళుతుంది. అక్కడ జ్ఞాపకాలు పట్టి ఉంచే చోటు ఒకటుంది. ఆ చోట కణాలు బీడీఎన్ఎఫ్ అనే ఒక ప్రోటీనుని ఎక్కువగా తయారుచేస్తాయి. అది మొక్కకి ఎరువు లాంటిది. అది తగిలిన కణం చిగురు వేస్తుంది, పక్క కణాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

"మరి ఆ పోటీను అంతకుముందు ఎందుకు రాదు?"

"రాసి ఉంటుంది పిన్నీ, కణం లోపల. ఎలా బనానా హై, ఎలా తయారుచెయ్యాలి, అంతా రాసి ఉంటుంది. కానీ ఆ దారం గట్టిగా చుట్టి పెట్టి ఉంటుంది. చుట్టి ఉన్నది చదవలేం కదా? పరిగెత్తినప్పుడు ఆ చుట్ట కొంచెం ఢీలా అవుతుంది. అప్పుడు కణం దాన్ని చదువుతుంది."

ఎలకకి కూడా లోపల చదువు ఉంది, నాకే లేదనుకున్నాను.

"మరి తరిమి పరిగెత్తిస్తే?"

"ఊఁహూఁ. అప్పుడు టెన్షన్ అవుతుంది. టెన్షన్‌లో వేరే హార్మోను వస్తుంది. అది ఎక్కువైతే ఈ మంచిదాన్ని తగ్గించేస్తుంది. ఇష్టంతో పరిగెత్తాలి."

"మరి నేను కోహ్కాలో మా ఇంటి నుంచి రోజూ నడిచొస్తన్నాను, డబ్బాలు ఎత్తుకుని మెట్లెక్కుతన్నాను. అది ఇష్టమేనా, బలవంతమేనా? నాకు ఎరువు పడతాదా పడదా?"

పాపం తన నోటు పుస్తకం తిరగేసింది. "పిన్నీ, మీ మీద డేటా లేదు" అంది.

ఇప్పుడు నా తప్పు. బోనులు కడగాలంటే ఎలకల్ని బయట ఎక్కడో ఉంచాలి. కాలేజీ వాళ్ళు దానికి ఇరుకు డబ్బాలు ఇచ్చారు, చేపల్ని కుక్కినట్టు ఉండేవి. చక్రం ఉన్న ఎలకల్ని ఆ డబ్బాల్లోనే పెట్టేదాన్ని. అవి రోజంతా ఆడుకుంటున్నాయి, వాటికేం? చక్రం లేనివాటిని చూస్తే మాత్రం నాకు లోపల ఏదోలా ఉండేది. లావెక్కి, మూలన ముద్దలా కూర్చునేవి. ఏం నేరం చేశాయని వీటికి చక్రం లేదు? నేను పవర్ హౌస్ బజారుకి వెళ్ళి, పిల్లలకి స్నానం చేయించే పెద్ద ప్లాస్టిక్ తొట్టె ఒకటి కొన్నాను. అందులో పొట్టు పోసి, ప్లంబరు వదిలేసిన గొట్టం ముక్కలు రెండు, ఒక ఇటిక పెట్టాను. పొద్దున్న ఏడింటికి చక్రం లేని వరసని అందులోకి వదిలేసి, బోనులన్నీ కడిగేసరికి తొమ్మిదయ్యేది. ఆ రెండు గంటలూ వాటి గోల చూడాలి. గొట్టంలో దూరడం, ఇటిక మీంచి దూకడం, ఒకదాన్నొకటి తరమడం. నాకు అన్యాయాన్ని సరిదిద్దినట్టు ఉండేది. పదింటికి ఆ అమ్మాయి వచ్చేసరికి తొట్టె కడిగి బోర్లించి ఉండేది, ఎలకలు బోనుల్లో బుద్ధిగా నిద్రపోతుండేవి.

"చూడండి, ఎంత సోమరిగా ఉన్నాయో" అని ఆ అమ్మాయి మురిసిపోయేది.

గది గోడ మీద మెరిసే అట్ట ఒకటి అతికించి ఉండేది. ఇంగ్లీషులోనూ హిందీలోనూ. అది పొగ తాగరాదు లాంటిదేదో అనుకున్నాను. వారానికోసారి తడిగుడ్డతో తుడిచేదాన్ని. అంత శుభ్రంగా ఉన్న అట్ట ఆ కాలేజీలో ఇంకోటి లేదు. దాని మీద ఏముందో తరవాత తెలిసింది: చక్రం లేని వరస ఎలకల్ని ఏ కారణం చేతా తిరగనివ్వరాదు.

ఒక రిజిస్టరు కూడా ఉండేది. ఎలకలు నియమం ప్రకారం ఉన్నాయా లేదా అని రోజూ రాయాలి, వారానికోసారి పెద్దసారు స్వయంగా చూసి సంతకం చెయ్యాలి. మా స్టోరుబాబు దాన్ని నెలాఖరున ఒకసారే కూర్చుని, ఒకే పెన్నుతో, ముప్పై రోజులకీ నింపేవాడు. నాకు చూపించి "అప్పా, బొటనేలు" అనేవాడు. అప్ప అంటే మా వైపు అక్క. నేను వేసేదాన్ని. తరవాత కిందకి తీసుకెళ్తే సారు నాలుగు వారాల సంతకాలూ ఒకేసారి చేసేవారు. ఆ నాలుగు సంతకాలకీ చెయ్యి కదిలింది కదా, అదీ గడియారంలో పడేది కాబోలు.

కొన్ని వారాలయ్యాక పరీక్షలు పెట్టారు. నీళ్ళ తొట్టెలో ఎక్కడో ఒక మెట్టు దాచి, ఎలక దాన్ని ఎంత తొందరగా గుర్తుపడుతుందో చూడడం. ఆ తరవాత ఎలకల్ని చంపి మెదడులో ఆ ప్రోటీను ఎంతుందో కొలవడం. ఆ చంపే రోజు నేను సెలవు పెట్టేదాన్ని. ఫలితం వచ్చింది. చక్రం ఉన్నవాటికీ లేనివాటికీ తేడా లేదు. అన్నీ తెలివైనవే. ఆ అమ్మాయి నమ్మలేక రెండో జట్టు ఎలకల్ని తెచ్చి మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టింది. నేనూ మళ్ళీ మొదటి నుంచీ నా ప్లాస్టిక్ తొట్టె తీశాను. వాటికీ నీళ్ళ పరీక్ష అయ్యింది. మళ్ళీ తేడా లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. తేడా చాలా గొప్పగా వచ్చిందని సారు అప్పటికే ఒక సభలో చెప్పేశారు. ఎలకలు పరిగెత్తక ముందే సారు పరిగెత్తారు.

ఒకరోజు నేను సీసాలు కడుగుతుంటే ఆ అమ్మాయి వచ్చి నా పక్కన నేల మీద కూలబడింది.

"అయిపోయింది పిన్నీ. మూడేళ్ళు. సర్ అంటున్నారు నా చేతులే ఖరాబ్ అని. నేను కెమికల్స్ పాడుచేశాను, రీడింగులు తప్పు తీశాను అని. శుక్రవారం కమిటీ మీటింగ్. నా పేరు తీసేసి ప్రాజెక్టు ఇంకొకరికి ఇస్తారట."

"పోనీలేమ్మా, ఎలకలకి తేడా రాకపోతే నువ్వేటి సేస్తావు?"

"రావాలి పిన్నీ! అందరికీ వస్తుంది. ఇది కొత్త విషయం కాదు. పరిగెత్తితే పెరుగుతుంది, కూర్చుంటే పెరగదు. నావి కూర్చునే ఉన్నాయి కదా. రోజంతా కూర్చునే ఉన్నాయి. అయినా ఎలా పెరిగింది? వాటికి ఆ ఎరువు ఎక్కడినుంచి వచ్చింది?"

నా చేతిలో సీసా నిలిచిపోయింది. కళ్ళ ముందు గొట్టాలూ ఇటికా కనిపించాయి. ఆ అమ్మాయి మొహం చూశాను. చెప్పలేదు. చెప్పలేకపోయాను. ఆ పూట నా బీడీఎన్ఎఫ్ ఎంతుందో గానీ ధైర్యం మాత్రం సున్నా.

మర్నాటి నుంచి తొట్టె తియ్యలేదు. చక్రం లేని వరస ఏడింటికల్లా బోను కడ్డీల దగ్గరికి వచ్చి నిలబడేవి. నేను మొహం తిప్పుకుని కడిగేదాన్ని.

స్టోరుబాబుకి చెప్పాను. మా శ్రీకాకుళం వైపు మనిషే, ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాడు.

"ఓలమ్మ! తొట్టెలో ఎలకలేటి అప్పా?"

"పాపమనిపించింది."

"పాపమా? నాను ఇరవై ఏళ్ళు బట్టి ఇక్కడ కూకుండిపోనాను, నామీద ఎప్పుడైనా పాపమనిపించిందేటి నీకు?"

"నిన్ను తొట్టెలో ఎయ్యడానికి తొట్టె సరిపోదు గదరా."

"నవ్వులు కాదు. నోరు మూసుకో. నువ్వు సెప్తే నిన్ను తీసేస్తారు. తరవాత రిజిస్టరు తీస్తారు. రిజిస్టరులో నా రాత, నీ యేలు, సారు సంతకం. ముగ్గురం పోతాం. ఆ పిల్ల గుంటకేటి, సదువుకుంది, ఎక్కడైనా బతుకుతాది."

ఈ మాట మీకు కూడా చాలామంది చెబుతారు. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళుగా కనపడరు. టీ కూడా ఇప్పిస్తారు. మా బాబు ఇప్పించాడు.

రెండు రోజులు ఆయన మాటే విన్నాను. అబద్ధం చెప్పను. ఇంట్లో ఆయాసం మనిషి ఉన్నాడు. ఇంకెక్కడ పని దొరుకుతుంది, ఎలకల పని తప్ప నాకేం వచ్చని ఆలోచించాను. ఆ అమ్మాయి మాత్రం రోజూ వచ్చి, తన చేతులు ఎక్కడ తప్పాయో తెలుసుకోవాలని, చేసిన పనంతా మొదటి నుంచీ మళ్ళీ చేసి చూసుకుంటోంది. ఆ చేతుల్లో ఏ తప్పూ లేదని తెలిసింది ప్రపంచంలో ఇద్దరికే. ఒకడు టీ ఇప్పిస్తున్నాడు. ఇంకొకర్తె తాగుతోంది.

శుక్రవారం కమిటీ కూర్చుంది. జంతువుల్ని సరిగ్గా వాడుతున్నారా లేదా చూసే కమిటీ. అందులో ముగ్గురు మా కాలేజీవాళ్ళు. ఒక్క మేడం మాత్రం బయటినుంచి వచ్చారు, జంతువుల డాక్టరు. నేను టీ ఇవ్వడానికి లోపలికి వెళ్ళేసరికి సారు మాట్లాడుతున్నారు. ఎంత మృదువుగా మాట్లాడుతున్నారంటే, ఆ అమ్మాయికి సన్మానం చేస్తున్నారేమో అనుకోవచ్చు. మంచి పిల్లే, కష్టపడుతుంది, కానీ చేతిలో నేర్పు లేదు, ఆమె మంచికే ఈ పని నుంచి తప్పిద్దాం అంటున్నారు. ఆ అమ్మాయి తలొంచుకుని తన రెండు చేతుల్నీ చూసుకుంటోంది.

నేను కెటిలు బల్ల మీద పెట్టాను.

అక్కడ జరిగిన మాటలన్నీ హిందీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సార్, ఆ ఎలకలు కూర్చుని లేవు. రోజూ రెండు గంటలు పరిగెత్తాయి. నేనే వదిలాను" అన్నాను.

 మేడం ఒక్కరే, "ఎక్కడ వదిలావు?" అని అడిగారు. తొట్టె, గొట్టాలు, ఇటిక, ఏడింటి నుంచి తొమ్మిది, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి తల ఎత్తింది. ఆమె మొహంలో మొదట కోపం వచ్చింది, చాలా కోపం. రావాలి కదా.

సారు మొహంలో మాత్రం సంతోషం వచ్చింది. నాకు ఇప్పటికీ గుర్తు. "చూశారా! చదువు లేనివాళ్ళని పెట్టుకుంటే ఇంతే. గోడ మీద అంత స్పష్టంగా రాసి పెట్టాం."

"ఆమెకి చదవడం వచ్చా?" మేడం అడిగారు.

"రాదు."

"ఎవరైనా చదివి చెప్పారా?"

"గోడ మీద ఉంది కదా మేడం."

"గోడకి నోరుందా?"

ఆ అమ్మాయి చిన్నగా అంది: "చక్రం పెట్టొద్దని చెప్పాను మేడం. అంతే చెప్పాను." ఆ మాట తను చెప్పనక్కరలేదు. చెప్పింది.

మేడం రిజిస్టరు తెప్పించారు. పేజీలు తిప్పారు. ప్రతి వారం సారు స్వయంగా చూసి, ఎలకలు బోను దాటలేదని సంతకం చేశారు. ఒకే సిరా, ఒకే వంకర. నా వంక చూసి అడిగారు:

"సారు పైకి ఎప్పుడు వచ్చేవారు?"

"లిఫ్టు బాగున్నప్పుడు మేడం."

"లిఫ్టు ఎప్పుడు పాడయ్యింది?"

"పోయిన ఎండాకాలం."

అక్కడ కూర్చున్నవాళ్ళలో ఒకాయనకి దగ్గు వచ్చింది. నవ్వుకి చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న పేరు అది.

సారు సంతోషం పోయింది. వెంటనే దారి మార్చారు. ఈమె ఆ అమ్మాయిని కాపాడడానికి కథ చెబుతోంది, ఇద్దరూ ఒకే భాషవాళ్ళు, రుజువేదీ అన్నారు. మేడం గడియారం చూసుకుని, "రేపు పదింటికి నేను పైకి వచ్చి చూస్తాను" అని లేచారు. మెట్ల మీదే వస్తానని కూడా అన్నారు.

మధ్యాహ్నం స్టోరుబాబు ఒక కాగితమూ సిరా పెట్టే పట్టుకుని వచ్చాడు.

"అప్పా, బొటనేలు."

"ఏటుంది అందులో?"

"ఏటుంటాది, మామూలే."

"సదువు."

"ఇన్నాళ్ళూ ఎప్పుడైనా సదవమన్నావా?"

"అందుకే ఈయాల సదవమంతన్నాను."

చదివాడు. గొంతు తగ్గించి చదివాడు. ఎలకల్ని తొట్టెలో వేసిన మాట నిజమే గానీ పరీక్షలన్నీ అయిపోయాక ఒకే ఒక్కసారి వేశాననీ, ముందు చెప్పింది అయోమయంలో చెప్పాననీ అందులో ఉంది. వేలు వేస్తే నా పని నాకు ఉంటుంది, రిజిస్టరు నిజమవుతుంది. ఆ అమ్మాయి చేతులు మళ్ళీ పనికిరానివవుతాయి.

"బేగి ఎయ్యప్పా. సారు కిందన కూకున్నారు."

"ఆయన ఎప్పుడూ కూకునే ఉంతారు కదరా. రేపు సెప్తాను."

"రేపు ఆ మేడం వస్తాది."

"అందుకే రేపు."

ఆ తరవాత ఎవరికి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, దాచి ఊరించడం నాకు చేతకాదు. ఆ అమ్మాయి ప్రాజెక్టు ఆమెకే ఉంది. మూడో జట్టు ఎలకలతో మళ్ళీ చేసింది. ఈసారి చెయ్యకూడనివన్నీ నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ నోటితో చెప్పింది. నాచేత తిరిగి చెప్పించుకుంది. తేడా వచ్చింది. డిగ్రీ ఆలస్యమైంది, కానీ వచ్చింది. నా మీద కోపం ఒక నెల ఉంది. అది తన హక్కు. నా కాంట్రాక్టు ఆ ఏడాది చివర తిరిగి రాయలేదు. వయసైందన్నారు. అంచేత నేను మర్యాదగా రిటైరయ్యాను. సారుని విచారించారు. విచారించి, విచారించి, ప్రిన్సిపాల్‌ని చేశారు. ఇప్పుడు పొద్దుటిపూట నడిచేవాళ్ళ సంఘానికి ఆయన అధ్యక్షులని విన్నాను. కారులో వచ్చి ప్రారంభిస్తారట.

అరవై దాటి అక్షరాలు పట్టుబడ్డాయంటే ఆ మెట్లూ ఆ నడకా మీ మెదడుని కాపాడాయి పిన్నీ అని ఆ అమ్మాయి ఫోనులో అంటుంది. అయి ఉండొచ్చు. నా మీద ఇప్పటికీ డేటా లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. తెలిసినవాళ్ళు గోడకి చెప్పి వెళ్ళిపోతే, తెలియనివాళ్ళు పాపమనిపించి ఏదో ఒకటి చేస్తారు. అది మంచి మనసుతోనే చేస్తారు. నష్టం మాత్రం మంచి మనసుని చూసి తగ్గదు. ఆ రెండు జట్ల ఎలకలూ ఊరికే పోయాయి. ఆ లెక్క నాదే.

ఇక ఆ కమిటీ మర్నాటి సంగతి. పొద్దున్న మామూలుగానే నడుచుకుంటూ వెళ్ళాను. మెట్లెక్కాను. రోజూ ఏడింటికి మొదలెట్టే పనిని పది దాకా ఆపాను. పదింటికి మేడం మెట్ల మీద వచ్చారు, వెనక ఆ అమ్మాయి, ఆ వెనక కమిటీ. అందరికంటే ఆఖరున సారు, ప్రతి మలుపులోనూ ఆగుతూ. స్టోరుబాబు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

నేను తొట్టె దించి పొట్టు పోశాను. గొట్టాలు వాటి చోట, ఇటిక దాని చోట పెట్టాను. ముందు చక్రం ఉన్న వరసలోంచి ఒకదాన్ని తీసి వదిలాను. కొత్త చోటు కదా, గోడకి అతుక్కుని బిగుసుకుపోయింది. మీసం కూడా కదపలేదు. దాన్ని తీసేసి, చక్రం లేని వరసలోంచి నాలుగింటిని వదిలాను. కాళ్ళు పొట్టుకి తగిలాయో లేదో, ఒకదాని వెనక ఒకటి గొట్టంలో దూరి, అటు తేలి, ఇటిక ఎక్కి దూకి, మళ్ళీ గొట్టంలోకి. దారి అడిగే పని లేదు. ఒకే ఒక్కసారి చూసిన చోటైతే అలా తిరగవని ఎవరూ ఎవరికీ చెప్పక్కరలేకపోయింది. మేడం వంగి చూస్తున్నారు. ఆ అమ్మాయి తన చేతుల్ని కోటు జేబుల్లోంచి బయటికి తీసింది.

స్టోరుబాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

తరవాత వాళ్ళంతా ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మొదలెట్టారు. అది ఎప్పటికి తెమిలేనో. నాకు కడగాల్సిన బోనులు ఇరవై ఉన్నాయి. సారు సరిగ్గా కుళాయికి అడ్డంగా నిలబడి రొప్పుతున్నారు.

"సార్, కాస్త జరగండి" అన్నాను.

రెండడుగులు జరిగారు. ఆ ఏడాదిలో సారు చేసిన వ్యాయామం, మెట్లు కాకుండా, నేను కళ్ళారా చూసింది అదే. కుళాయి తిప్పి బోనులు కడగడం మొదలుపెట్టాను.